లూప్ గెయిన్‌కి లొంగని రెండో హార్మోనిక్: ఒక 50 వాట్ల కరెంట్ ఫీడ్‌బ్యాక్ యాంప్ కేస్ స్టడీ

రెండు వారాల పాటు నా బెంచ్ మీద ఒకే ఒక్క గీత నిలబడి ఉంది. 8 ఓంల లోడ్, 50 వాట్లు, 20 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్. స్పెక్ట్రమ్‌లో 40 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే రెండో హార్మోనిక్ (సిగ్నల్‌కి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో యాంప్ తనంతట కలిపే మలినం) దగ్గర, మైనస్ 81 డీబీ. అప్పటికే కాంపెన్సేషన్, అంటే యాంప్ ఆసిలేట్ కాకుండా పై ఫ్రీక్వెన్సీల్లో గెయిన్‌ని తగ్గించే ఏర్పాటు, మొత్తం మార్చేశాను. దాంతో మూడో హార్మోనిక్, నాలుగోది బాగా పడిపోయాయి. ఇది మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

లూప్ గెయిన్ (అవుట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి పోల్చే ఫీడ్‌బ్యాక్ తప్పుల్ని ఎన్ని రెట్లు తగ్గించగలదో చెప్పే కొలత) పెంచినా ఒక హార్మోనిక్ తగ్గడం లేదంటే, అది లూప్ లోపల పుట్టలేదన్నమాట. చెప్పుకోవడానికి ఇది చిన్న మాటే. కానీ బోర్డు మీద ఆ చోటు ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికే నాకు ఆ రెండు వారాలూ పట్టాయి. కరెంట్ ఫీడ్‌బ్యాక్ యాంప్‌లో డిస్టార్షన్ తగ్గించాలంటే ట్రాన్సిస్టర్ల మీద పెట్టినంత శ్రద్ధ ఫీడ్‌బ్యాక్ నెట్‌వర్క్ మీద, అది కూర్చున్న రాగి మీద కూడా పెట్టాలని నాకు తెలిసింది ఈ ప్రాజెక్టులోనే.

ఏం కట్టాలనుకున్నాను

లక్ష్యం పెద్దదేమీ కాదు. 8 ఓంలకు 50 వాట్లు, అంటే అవుట్‌పుట్‌లో 20 వోల్టుల ఆర్‌ఎంఎస్, పీక్ 28.3 వోల్టులు. ఇన్‌పుట్ 1 వోల్టు, కాబట్టి గెయిన్ సుమారు 20. సప్లై ప్లస్, మైనస్ 40 వోల్టులు. అవుట్‌పుట్‌లో మూడు అంచెల ఎమిటర్ ఫాలోయర్ (వోల్టేజీ పెంచకుండా కరెంట్ మాత్రమే పెంచే స్టేజ్), చివర ఒక జత పవర్ ట్రాన్సిస్టర్లు, 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943. డిస్టార్షన్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర కూడా 0.003 శాతం దాటకూడదు.

మామూలు యాంప్ ఇన్‌పుట్‌లో డిఫరెన్షియల్ పెయిర్ ఉంటుంది. రెండు బేస్‌ల మధ్య తేడాని చూసి పని చేస్తుంది. కరెంట్ ఫీడ్‌బ్యాక్‌లో ఆ పెయిర్ ఉండదు. సిగ్నల్ ఒక బఫర్ గుండా వచ్చి ఎమిటర్ల దగ్గర తేలుతుంది, ఫీడ్‌బ్యాక్ కూడా నేరుగా ఆ ఎమిటర్ల మీదకే వస్తుంది. అక్కడ మిగిలిన ఎర్రర్ కరెంటే కలెక్టర్ల ద్వారా ముందుకు వెళ్లి హై ఇంపీడెన్స్ నోడ్‌ని, అంటే ఆ చిన్న కరెంట్ పెద్ద వోల్టేజీగా మారే చోటుని, నడిపిస్తుంది. ఈ ఆలోచనకు వయసు చాలానే ఉంది. 1969లో జాన్ లిన్స్‌లీ హుడ్ వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన 10 వాట్ల క్లాస్-ఏ యాంప్‌లో కూడా ఫీడ్‌బ్యాక్ వెళ్లింది ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ ఎమిటర్‌కే. 1980ల్లో కామ్‌లీనియర్ కంపెనీలో డేవిడ్ నెల్సన్, కెన్నెత్ శాలర్ దీన్ని ఆప్-యాంప్ రూపంలోకి తెచ్చి పేటెంట్ తీసుకున్నారు.

నేను తీసుకున్నది డైమండ్ బఫర్, నాలుగు ట్రాన్సిస్టర్లతో పైనా కిందా జతగా కట్టే బఫర్. ఎమిటర్ కరెంట్ 2 మిల్లీయాంపులు, ఒక్కో ఎమిటర్‌లో 22 ఓంల రెసిస్టర్. ట్రాన్సిస్టర్ లోపలి 13 ఓంలు కలిపితే ఒక్కో వైపు 35, రెండూ పారలల్‌గా 17.5 ఓంలు. ఇదే ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 910 ఓంలు, గ్రౌండ్‌కి వెళ్లేది 47 ఓంలు.

ఇక్కడ ఒక లెక్క చూపించాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే ఆధారపడింది. కరెంట్ ఫీడ్‌బ్యాక్‌లో లూప్ గెయిన్ ఒకటికి పడిపోయే ఫ్రీక్వెన్సీని కాంపెన్సేషన్ కెపాసిటర్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కలిసి నిర్ణయిస్తాయి. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్‌ని గెయిన్‌తో గుణించి కలపాలి: 910కి 17.5 ఇంటూ 20 కలిపితే 1260 ఓంలు. 84 పీఎఫ్ కెపాసిటర్‌తో అది 1.5 మెగాహెర్ట్జ్ అవుతుంది. అంటే 20 కిలోహెర్ట్జ్ దగ్గర నాకు దొరికే లూప్ గెయిన్ 75 రెట్లు, సుమారు 37 డీబీ. మామూలు కాంపెన్సేషన్‌తో ఉన్నంతవరకు అంతకు మించి రాదు.

ఈ ఫ్రీక్వెన్సీని ఇంకా పైకి లాగొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేను లాగను. 30 మెగాహెర్ట్జ్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, వాటి ముందు మరో రెండు అంచెలు, బయట ఎలాంటిదో తెలియని కేబుల్, స్పీకర్ ఉన్నప్పుడు 1.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగడమే నాకు నిద్ర పట్టించే నిర్ణయం.

ఇంకో మాట. కరెంట్ ఫీడ్‌బ్యాక్ అనగానే అందరూ స్లూ రేట్ (అవుట్‌పుట్ వోల్టేజీ ఎంత వేగంగా మారగలదో) గురించే మాట్లాడతారు. ఎర్రర్ కరెంట్ అవసరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మైక్రోసెకనుకు 100 వోల్టులు దాటడం కష్టం కాదు. కానీ 28.3 వోల్టుల పీక్‌తో 20 కిలోహెర్ట్జ్‌కి కావలసింది మైక్రోసెకనుకు 3.6 వోల్టులే. వేగం ఎక్కువుంది కాబట్టి డిస్టార్షన్ తగ్గుతుందనుకోవడం పొరపాటు. దాని అసలు లాభం వేరే చోట ఉంది. 20 కిలోహెర్ట్జ్ ఫుల్ పవర్‌లో 84 పీఎఫ్‌ని నడపడానికి కావలసిన పీక్ కరెంట్ 0.3 మిల్లీయాంపులు. ఇన్‌పుట్ స్టేజ్‌లో 2 మిల్లీయాంపులు ఎప్పుడూ పారుతున్నాయి. అంటే ఆ స్టేజ్ తన సత్తాలో కొద్ది భాగమే వాడుతూ హాయిగా ఉంటుంది.

మొదటి బోర్డు

మొదటి బోర్డులో డైమండ్ బఫర్ కలెక్టర్లు మామూలు కరెంట్ మిర్రర్లలోకి (వచ్చిన కరెంట్‌కి నకలు తీసి పంపే ట్రాన్సిస్టర్ జతల్లోకి), మిర్రర్లు నేరుగా హై ఇంపీడెన్స్ నోడ్‌లోకి వెళ్లాయి. ఆ నోడ్ నుంచి గ్రౌండ్‌కి 84 పీఎఫ్. చూడటానికి చాలా అందమైన సర్క్యూట్. నోడ్ రెసిస్టెన్స్ 100 కిలో ఓంల ప్రాంతంలో ఉంది, 1260తో భాగిస్తే లూప్ గెయిన్ 79 రెట్లు, 38 డీబీ. ఆడియో బ్యాండ్ అంతా దాదాపు సమానంగా అంతే. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.012 శాతం, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.04 శాతం వచ్చాయి.

ఈ అమరికలో నాకు నచ్చని విషయం ఆ నోడ్. 28 వోల్టులు అటూ ఇటూ ఊగే చోట ట్రాన్సిస్టర్ కలెక్టర్-బేస్ కెపాసిటెన్స్ వోల్టేజీని బట్టి మారుతూ ఉంటుంది. కేఎస్‌సీ3503, కేఎస్‌ఏ1381 లాంటి మంచి జత తీసుకున్నా ఒక్కోదానికి మూడు పీఎఫ్ ప్రాంతంలో ఉంటుంది. 84 పీఎఫ్ పక్కన అది చిన్నదే, కానీ అది స్థిరంగా ఉండదు. కెపాసిటర్ గ్రౌండ్‌కి వెళ్తున్నంతకాలం ఈ మార్పును సరిదిద్దే లోకల్ లూప్ కూడా లేదు. పైనా కిందా ఎన్‌పీఎన్, పీఎన్‌పీ జత ఉండటం వల్ల రెండో హార్మోనిక్ కొంత రద్దవుతుంది. ఆ రద్దు మాత్రం రెండు ట్రాన్సిస్టర్లు ఎంత బాగా సరిపోతే అంతే.

అందుకే రెండో బోర్డులో మిర్రర్లు తీసేసి, ఒక ఫాలోయర్ వెనక కామన్ ఎమిటర్ స్టేజ్ పెట్టాను, పైనొకటి, కిందొకటి. కాంపెన్సేషన్ ఇప్పుడు మిల్లర్ కెపాసిటర్లతో (ఆ స్టేజ్ కలెక్టర్ నుంచి దాని ఇన్‌పుట్‌కి వెనక్కి కలిపేవి), ఒక్కో వైపు 42 పీఎఫ్ చొప్పున. రెండూ కలిసి మళ్లీ 84, కాబట్టి 1.5 మెగాహెర్ట్జ్ లెక్క మారలేదు. తర్వాత ఒక్కో మిల్లర్ కెపాసిటర్‌ని సిరీస్‌లో రెండు 82 పీఎఫ్‌లుగా విడగొట్టి, వాటి మధ్య నుంచి 2.2 కిలో ఓంల రెసిస్టర్‌ని యాంప్ అవుట్‌పుట్‌కి కలిపాను. దీన్ని ట్రాన్సిషనల్ మిల్లర్ కాంపెన్సేషన్ అంటారు. ఆడియో ఫ్రీక్వెన్సీల్లో కెపాసిటర్ అవుట్‌పుట్ స్టేజ్‌ని కూడా లోకల్ లూప్‌లోకి తీసుకుంటుంది. 440 కిలోహెర్ట్జ్ దాటాక మెల్లగా దాన్ని వదిలేసి మామూలు మిల్లర్‌గా మారిపోతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ స్టేజ్‌కి అదనంగా 20 రెట్ల కరెక్షన్ దొరుకుతుందని లెక్క చెప్పింది.

మధ్యలో ఒక ప్రమాదం జరిగింది, చెప్పాల్సిందే. స్క్వేర్ వేవ్ మూలల్లో చిన్న ఓవర్‌షూట్ కనిపించింది. డిఫరెన్షియల్ పెయిర్ యాంప్‌లలో ఏళ్ల తరబడి చేసిన అలవాటు కొద్దీ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద 100 పీఎఫ్ పెట్టాను. పవర్ ఇచ్చిన పది సెకన్లలో అవుట్‌పుట్‌లోని జోబెల్ రెసిస్టర్ (పై ఫ్రీక్వెన్సీల్లో యాంప్‌ని స్థిరంగా ఉంచడానికి కెపాసిటర్‌తో సిరీస్‌లో పెట్టేది) నుంచి పొగ వచ్చింది. స్కోప్ పెట్టి చూస్తే మెగాహెర్ట్జ్‌లలో ఆసిలేషన్. కారణం పైన చెప్పిన లెక్కలోనే ఉంది. కరెంట్ ఫీడ్‌బ్యాక్‌లో లూప్ గెయిన్‌ని పట్టి ఉంచేది ఆ 910 ఓంలే. 100 పీఎఫ్ దాన్ని 1.75 మెగాహెర్ట్జ్ పైన షార్ట్ చేయడం మొదలుపెడుతుంది. అంటే లూప్ గెయిన్ తగ్గాల్సిన చోట తగ్గడం మానేస్తుంది. ఈ రకం యాంప్‌లో ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద కెపాసిటర్ పెట్టవద్దు. ఓవర్‌షూట్ తగ్గాలంటే ఇన్‌పుట్‌లో ఆర్‌సీ ఫిల్టర్ ఉంది, కాకపోతే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ విలువ కాస్త పెంచవచ్చు.

కదలని గీత

కాల్చేసిన జోబెల్ మార్చి, 100 పీఎఫ్ పీకేసి కొలిచాను. మూడో హార్మోనిక్ తగ్గింది. నాలుగోది అనలైజర్ శబ్దంలో కలిసిపోయింది. రెండోది మాత్రం అక్కడే, మైనస్ 81. శాతంలో 0.009. మొదటి బోర్డు స్పెక్ట్రమ్ ఫైలు తెరిచి చూశాను. అందులోనూ అది అంతే ఉంది. మిగతావాటి మధ్య కలిసిపోయి కనబడలేదంతే.

ముందుగా లోడ్ తీసేశాను. గీత మాయం. 8 ఓంల బదులు 16 ఓంలు పెట్టి, వోల్టేజీ అంతే ఉంచాను. సరిగ్గా 6 డీబీ తగ్గింది. కాబట్టి ఇది లోడ్ కరెంట్‌కి అనులోమంగా పెరుగుతోంది. బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంట్, మార్చాను, 60 మిల్లీయాంపుల నుంచి 150 దాకా. క్రాస్‌ఓవర్ (ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ నుంచి రెండోదానికి పని మారే చోటు) వల్ల వచ్చే మూడు, అయిదు హార్మోనిక్‌లు పైకీ కిందకీ ఆడాయి. రెండోది చలించలేదు. అంటే క్రాస్‌ఓవర్ కాదు.

రెండో హార్మోనిక్ లోడ్ కరెంట్‌తో పెరిగితే మొదట అనుమానించాల్సింది సప్లై వైర్లని. ఇలాంటి క్లాస్-బీ యాంప్‌లో ఎన్‌పీఎన్ పై సగాన్ని, పీఎన్‌పీ కింది సగాన్ని నడుపుతాయి కాబట్టి ఒక్కో రైల్‌లో (సప్లై లైన్‌లో) పారేది సగం వేవ్ కరెంట్. దాని చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం ఇన్‌పుట్‌లోనో ఫీడ్‌బ్యాక్ లూప్‌లోనో వోల్టేజీని ప్రేరేపిస్తే సరి సంఖ్య హార్మోనిక్‌లు వస్తాయి. నేను స్పెక్ట్రమ్ నడుస్తుండగా ఒక ప్లాస్టిక్ పెన్ను తీసుకుని రైల్ వైర్లని మెల్లగా అటూ ఇటూ జరిపాను. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక డీబీ మేర ఊగింది. రెండు రైల్ వైర్లనీ గ్రౌండ్‌తో కలిపి మెలిపెట్టాక ఆ ఊగడం ఆగిపోయింది, కానీ గీత ఎత్తు తగ్గలేదు.

అప్పుడు చేసిన కొలత దారి చూపింది. ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్ నుంచి 1 కిలోహెర్ట్జ్‌కి దించాను. రెండో హార్మోనిక్ అక్కడా మైనస్ 81. 100 హెర్ట్జ్ దగ్గరా అంతే. అయస్కాంత ప్రేరణ అయితే ఫ్రీక్వెన్సీ రెట్టింపు అయినప్పుడల్లా 6 డీబీ పెరగాలి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరైనా ఒకేలా ఉందంటే అది ఇండక్టెన్స్ పని కాదు, రెసిస్టెన్స్ పని. సగం వేవ్ కరెంట్ పారే చోట ఏదో ఒక చిన్న రెసిస్టెన్స్ ఫీడ్‌బ్యాక్ దారిలోకి చొరబడింది.

బోర్డుని వెలుగులో పట్టుకుని చూశాను. పైన ఎన్‌పీఎన్ ఎమిటర్ రెసిస్టర్, కింద పీఎన్‌పీ ఎమిటర్ రెసిస్టర్, రెండూ ఒక రాగి పట్టీలో కలుస్తాయి, ఆ కలయిక నుంచి అవుట్‌పుట్ బయటికి వెళ్తుంది. ఫీడ్‌బ్యాక్ ట్రాక్ ఆ కలయిక దగ్గర మొదలవ్వలేదు. రూటింగ్‌లో సౌకర్యంగా ఉందని ఎన్‌పీఎన్ వైపు 20 మిల్లీమీటర్లు పైన మొదలుపెట్టాను. ఆ 20 మిల్లీమీటర్ల రాగిలో ఎన్‌పీఎన్ కరెంట్ ఒక్కటే, అంటే సగం వేవ్ మాత్రమే పారుతుంది.

లెక్క వేశాను. మామూలు మందం రాగికి ఒక చదరానికి అర మిల్లీ ఓం. పట్టీ వెడల్పు 3 మిల్లీమీటర్లు, పొడవు 20, కాబట్టి సుమారు 3.3 మిల్లీ ఓంలు. పీక్ కరెంట్ 3.54 యాంపులు. పట్టీ మీద పీక్ డ్రాప్ 11.7 మిల్లీవోల్టులు. సగం వేవ్‌లో రెండో హార్మోనిక్ వాటా పీక్‌లో 21 శాతం. 2.5 మిల్లీవోల్టులు. దాన్ని 28.3 వోల్టులతో భాగిస్తే 0.0088 శాతం, మైనస్ 81 డీబీ. కాగితం మీద ఆ అంకె రాగానే లేచి నిలబడ్డాను.

యాంప్ చేసేదల్లా ఫీడ్‌బ్యాక్ ట్రాక్ అంటుకున్న బిందువుని శుభ్రంగా ఉంచడం. ఆ పని అది నిజాయితీగానే చేస్తోంది. కానీ ఆ బిందువుకీ లోడ్‌కీ మధ్య ఉన్న 20 మిల్లీమీటర్ల సంగతి దానికి తెలియదు. ఇంకో 40 డీబీ లూప్ గెయిన్ ఇచ్చినా తెలియదు.

లెక్కని నమ్మినా కళ్లతో చూడాలనిపించింది. ట్రాక్ కోసి, ఫీడ్‌బ్యాక్‌ని ఒక సన్నని వైరుగా మార్చి, దాని కొసని పట్టీ మీద 5 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ సోల్డర్ చేశాను. ప్రతిసారీ పవర్ పూర్తిగా ఆపి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాకే. ఫీడ్‌బ్యాక్ తెగి ఉండగా పవర్ ఇస్తే అవుట్‌పుట్ నేరుగా రైల్‌కి అతుక్కుంటుంది. 15 మిల్లీమీటర్ల దగ్గర మైనస్ 83.5. 10 దగ్గర మైనస్ 87. 5 దగ్గర మైనస్ 93. సరిగ్గా కలయిక మీద పెట్టాక గీత శబ్దంలోకి దిగిపోయింది. ఇంకా ముందుకు, పీఎన్‌పీ వైపు 5 మిల్లీమీటర్లు వెళ్తే మళ్లీ మైనస్ 93కి లేచింది.

ఈ జబ్బు కరెంట్ ఫీడ్‌బ్యాక్‌కే పరిమితం కాదు, ఏ క్లాస్-బీ యాంప్‌కైనా వస్తుంది. మూడో బోర్డులో రెండు ఎమిటర్ రెసిస్టర్లు ఒకే ప్యాడ్ మీదకు ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. ఆ ప్యాడ్ మధ్య నుంచి ఫీడ్‌బ్యాక్, అంచు నుంచి అవుట్‌పుట్. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.0006 శాతం, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.002 శాతం వచ్చాయి.

వేడెక్కే రెసిస్టర్

దీని తర్వాత తేలింది మాత్రం నిజంగా కరెంట్ ఫీడ్‌బ్యాక్ సొంత సమస్యే. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ, 100 హెర్ట్జ్ దిగువన, మూడో హార్మోనిక్ మెల్లగా లేస్తోంది. 20 హెర్ట్జ్ దగ్గర మైనస్ 100 డీబీ. లూప్ గెయిన్ అత్యధికంగా ఉండే చోట డిస్టార్షన్ పెరగడమేమిటి?

ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ మీద 19 వోల్టులు ఉన్నాయి. 910 ఓంలలో అది 0.4 వాట్. మామూలు యాంప్‌లో ఈ రెసిస్టర్ 22 కిలో ఓంల దాకా ఉంటుంది, అక్కడ 16 మిల్లీవాట్లే. నేను వాడింది 0.6 వాట్ మెటల్ ఫిల్మ్, టెంపరేచర్ కోఎఫిషెంట్ 50 పీపీఎం, అంటే ఒక్కో డిగ్రీకి విలువ పదిలక్షల్లో 50 వంతులు మారుతుంది. రేటింగ్ లోపలే ఉంది కదా అనుకున్నాను. కానీ 20 హెర్ట్జ్ అంత నెమ్మదైన సిగ్నల్‌కి రెసిస్టర్ పొర ప్రతి సగం సైకిల్‌కీ వేడెక్కి చల్లబడుతుంది. అంటే దాని విలువ 40 హెర్ట్జ్‌తో ఊగుతోంది. 40తో ఊగే రెసిస్టెన్స్ 20 హెర్ట్జ్ సిగ్నల్‌ని తాకితే పుట్టేది 60 హెర్ట్జ్, మూడో హార్మోనిక్. గెయిన్‌ని నిర్ణయించేదే ఆ రెసిస్టర్ కాబట్టి ఎంత లూప్ గెయిన్ ఉన్నా దీన్ని సరిదిద్దలేదు.

నాలుగు 910 ఓంల రెసిస్టర్లు తీసుకుని రెండేసి సిరీస్‌లో, ఆ రెండు జతలనీ పారలల్‌లో కలిపాను. మొత్తం విలువ మళ్లీ 910. ఒక్కోదాని మీద పవర్ నాలుగో వంతు, 0.1 వాట్. ఉష్ణోగ్రత ఊగడం నాలుగో వంతు, కాబట్టి 12 డీబీ తగ్గాలి. మైనస్ 112 వచ్చింది. తర్వాత అవే 15 పీపీఎం రకంతో మార్చితే గీత అనలైజర్ శబ్దం కింద దాక్కుంది. బోర్డు మీద ఆ నాలుగింటినీ ఒకదానికొకటి దూరంగా, హీట్‌సింక్‌కి ఇంకా దూరంగా ఉంచాను.

తక్కువ విలువల వల్ల మరో చిక్కు కూడా ఉంది. ఫీడ్‌బ్యాక్ నెట్‌వర్క్ గుండా 47 ఓంల నుంచి గ్రౌండ్‌లోకి 21 మిల్లీయాంపుల ఆర్‌ఎంఎస్ పారుతుంది. దీన్ని ఇన్‌పుట్ గ్రౌండ్ ట్రాక్‌తో కలపకుండా నేరుగా స్టార్ పాయింట్‌కి (అన్ని గ్రౌండ్‌లూ కలిసే ఒకే బిందువుకి) వేరే దారిలో తీసుకెళ్లాను. డీకప్లింగ్ కెపాసిటర్ల గ్రౌండ్ దీని దరిదాపుల్లోకి రాకూడదు. వాటిలో పారేది సగం వేవ్ కరెంటే, 47 ఓంల కింది కొన దగ్గర కదిలే ప్రతి మైక్రోవోల్టూ 19 రెట్లయి అవుట్‌పుట్‌లో కనిపిస్తుంది.

డీసీ ఆఫ్‌సెట్ (అవుట్‌పుట్‌లో మిగిలే డీసీ వోల్టేజీ) తగ్గించడం కోసం 47 ఓంల కింద ఎలక్ట్రోలైటిక్ పెట్టడం సులభమైన దారి. 1000 మైక్రోఫారడ్లు పెట్టినా కార్నర్ 3.4 హెర్ట్జ్, 20 హెర్ట్జ్ దగ్గర దాని మీద 0.23 వోల్టుల పీక్ నిలుస్తుంది. ఎలక్ట్రోలైటిక్ మీద అంత ఏసీ ఉంటే అది కూడా డిస్టార్షన్ చేర్చడం మొదలుపెడుతుంది. కెపాసిటర్ తీసేసి ఆప్-యాంప్ సర్వో (అవుట్‌పుట్ డీసీని గమనిస్తూ సున్నాకి లాగే సర్క్యూట్) పెట్టాను.

మిగిలింది బయాస్. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో బార్నీ ఆలివర్ 1971లో చూపించిన లెక్క ప్రకారం ఎమిటర్ రెసిస్టెన్స్ మీద 26 మిల్లీవోల్టులు ఉన్నప్పుడు క్రాస్‌ఓవర్ అతి తక్కువ. 0.22 ఓంలకి అది 118 మిల్లీయాంపులు. ట్రాన్సిస్టర్ లోపలి రెసిస్టెన్స్ కూడా ఆ లెక్కలోకి రావాలి కాబట్టి స్పెక్ట్రమ్ చూస్తూ సర్దితే నా దగ్గర 22 మిల్లీవోల్టులు, అంటే 100 మిల్లీయాంపుల దగ్గర అయిదో హార్మోనిక్ అడుగుకి చేరింది.

కానీ ఆ విలువ నిలకడగా ఉండటం లేదు. ఇరవై నిమిషాలు మూడో వంతు పవర్‌తో నడిపి, ఒక్కసారి సిగ్నల్ తగ్గిస్తే మీటర్ 27 మిల్లీవోల్టులు చూపిస్తుంది. మళ్లీ 22కి రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్ మీద ఉంది, అవుట్‌పుట్ చిప్ వేడి దానిదాకా చేరేసరికి ఆలస్యమవుతోంది. ఆ రెండు నిమిషాలూ అయిదో హార్మోనిక్ కొద్దిగా లేచే ఉంటుంది. చిప్ పక్కనే డయోడ్ ఉండే ఎన్‌జేఎల్3281డీ, ఎన్‌జేఎల్1302డీ జతతో దీన్ని సరిచేయాలని ఉంది. నాలుగో బోర్డులో వాటి అయిదు కాళ్లకూ రంధ్రాలు ఇప్పటికే గీసి పెట్టాను.